డీకిమ్ టెస్ట్ పాస్, అయినా రసీదులు స్పామ్‌లోకి: ఒక డొమైన్ కేస్ స్టడీ

ఆన్‌లైన్‌లో కోర్సులు నడిపే ఒక చిన్న సంస్థ కేసు ఇది. ఫీజు కట్టినవాళ్లకి రసీదు మెయిల్ స్పామ్‌లో పడుతోంది, కొందరికైతే అసలు చేరకుండా 550 5.7.26 అనే కోడ్‌తో తిరిగొచ్చేస్తోంది, దానికి తోడు వాళ్ల డొమైన్ పేరు పెట్టుకుని ఎవరో దొంగ ఇన్‌వాయిస్‌లు పంపుతున్నారు. ఆ కోడ్‌కి అర్థం జీమెయిల్ వాళ్లు రాసిపెట్టే ఉంచారు, పంపినవాళ్లు ఎవరో రుజువు కాలేదు కాబట్టి తీసుకోం అని. "డీకిమ్ కీ పెట్టిస్తే సరిపోతుందని చెప్పారండీ, అది చేసి పెడతారా" అని వాళ్ల ఐటీ చూసుకునే ఆయన అడిగారు. డీకిమ్ అంటే పంపే సర్వర్ మెయిల్ మీద పెట్టే డిజిటల్ సంతకం.

కీ పెట్టడం నిజంగానే చిన్న పని. కానీ ఆ డొమైన్ పేరుతో ఎవరెవరు మెయిల్ పంపుతున్నారు, వాళ్లలో ఎవరు సంతకం పెడుతున్నారు, ఆ సంతకం అవతలి సర్వర్ చేరేదాకా చెడకుండా ఉంటోందా, ఈ మూడూ తేల్చకుండా డీఎన్ఎస్‌లో (డొమైన్ వివరాలు ఎవరైనా చూసుకునేలా ఉంచే చోటు) కీ పెట్టి వదిలేస్తే ఏమీ మారదు. ఈ కేసులో ఎక్కువ టైమ్ తినేసింది కూడా ఆ మూడోదే, అందుకే దాని గురించే ఎక్కువ రాస్తాను.

ముందు బేసిక్స్, తెలిసినవాళ్లు ఈ పేరా దాటేయొచ్చు. మెయిల్‌లో పంపినవాళ్ల అడ్రస్ రెండు చోట్ల ఉంటుంది. ఒకటి మనకి కనిపించే ఫ్రమ్, రెండోది సర్వర్లు మాట్లాడుకునేటప్పుడు చెప్పుకునే అడ్రస్, మెయిల్ చేరాక అది రిటర్న్-పాత్ అనే హెడర్‌లో (మెయిల్ పైభాగంలో ఉండే వివరాల లైను) కనిపిస్తుంది. ఎస్‌పీఎఫ్ చూసేది ఈ రెండోదాన్నే, ఆ డొమైన్ తరఫున ఈ ఐపీ నుంచి పంపొచ్చా లేదా అని. డీకిమ్ అలా కాదు, పంపే సర్వర్ ప్రైవేట్ కీతో మెయిల్ మీద సంతకం పెడుతుంది, పబ్లిక్ కీ డీఎన్ఎస్‌లో ఉంటుంది, ఎవరైనా తీసి సరిచూసుకోవచ్చు. యాహూ వాళ్ల డొమైన్‌కీస్‌నీ సిస్కో వాళ్ల ఐడెంటిఫైడ్ ఇంటర్నెట్ మెయిల్‌నీ కలిపి తయారుచేసిందే డీకిమ్, 2007లో ఆర్ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) 4871గా వచ్చింది, ఇప్పుడు అందరూ పాటించేది 2011 నాటి ఆర్ఎఫ్‌సీ 6376. ఈ రెండింటి మీద 2012లో వచ్చి 2015లో ఆర్ఎఫ్‌సీ 7489 అయిన డీమార్క్ ఒక్క ప్రశ్న అడుగుతుంది: ఎస్‌పీఎఫ్ పాస్ అయిన డొమైన్ గానీ డీకిమ్ సంతకంలో డీ= ట్యాగ్‌లో ఉన్న డొమైన్ గానీ, మనిషికి కనిపించే ఫ్రమ్ డొమైన్‌తో కలుస్తోందా? రెండింట్లో ఒక్కటి కలిసినా పాస్. దీన్నే అలైన్‌మెంట్ అంటారు, ఈ కేసంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ రెండూ దీన్ని గట్టిగా పట్టుకున్నాయి. మెయిల్ పంపే ఎవరికైనా ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ ఉండాలి, పెద్ద ఎత్తున పంపేవాళ్లకైతే (జీమెయిల్ లెక్కలో రోజుకి 5000 మెయిల్స్ పైన) రెండూ ఉండాలి, డీమార్క్ రికార్డు కూడా ఉండాలి. 2025 మే నుంచి మైక్రోసాఫ్ట్ కూడా అవుట్‌లుక్, హాట్‌మెయిల్ అడ్రస్‌లకి పెద్ద ఎత్తున పంపేవాళ్ల విషయంలో ఇదే బాట పట్టింది. మా క్లయింటు 5000 దరిదాపుల్లో కూడా లేరు, అయినా దెబ్బ తగిలింది, ఎందుకంటే రసీదు మెయిల్స్‌కి ఎస్‌పీఎఫ్ కూడా సరిగ్గా లేదు, డీకిమ్ అసలే లేదు.

మొదట చేసింది కీ తయారుచేయడం కాదు, డీమార్క్ రికార్డు పెట్టడం. చాలామంది దీన్ని ఆఖరి మెట్టు అనుకుంటారు, నా లెక్కలో ఇదే మొదటిది. _డీమార్క్ అనే సబ్‌డొమైన్ కింద ఒక టీఎక్స్‌టీ రికార్డు (డీఎన్ఎస్‌లో పెట్టే టెక్స్ట్ ఎంట్రీ), పాలసీ పీ=నన్, రిపోర్టులు రావాల్సిన అడ్రస్ ఆర్‌యూఏ ట్యాగ్‌లో, అంతే. పీ=నన్ అంటే ఏ మెయిల్‌నీ ఆపమని అడగట్లేదు, నాకు లెక్క చెప్పండి చాలు అంటున్నాం. పెద్ద మెయిల్ సర్వీసులు సాధారణంగా రోజుకోసారి ఎక్స్ఎంఎల్ ఫైల్ జిప్ చేసి పంపుతాయి, ఏ ఐపీ నుంచి మీ పేరుతో ఎన్ని మెయిల్స్ వచ్చాయి, ఎస్‌పీఎఫ్ ఏమైంది, డీకిమ్ ఏమైంది, అలైన్ అయ్యాయా లేదా అని. ఇక్కడ ఒక చిక్కు ఉంది, రిపోర్టులు వేరే డొమైన్‌లో ఉన్న మెయిల్‌బాక్స్‌కి రావాలంటే ఆ వేరే డొమైన్ కూడా ఒప్పుకుంటున్నట్టు దాని డీఎన్ఎస్‌లో _రిపోర్ట్._డీమార్క్ అని ఒక రికార్డు ఉండాలి, లేకపోతే పద్ధతి పాటించే సర్వర్లు రిపోర్టు పంపవు, మనకి ఎర్రర్ కూడా ఏం రాదు. అందుకే అదే డొమైన్‌లో ఒక మెయిల్‌బాక్స్ తెరిపించి అక్కడికే రప్పించాను.

రిపోర్టులు వచ్చేలోపు వాళ్లతో కూర్చుని మీ పేరుతో మెయిల్స్ ఎక్కడెక్కడి నుంచి వెళ్తాయో చెప్పండి అని లిస్టు రాయించాను. వెబ్‌సైట్ సర్వర్‌లోని పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపే సాఫ్ట్‌వేర్) నుంచి రసీదులు, పాస్‌వర్డ్ రీసెట్‌లు. ఆఫీస్ మెయిల్‌బాక్స్‌లు బయటి మెయిల్ సర్వీసులో. న్యూస్‌లెటర్‌కి ఒక బల్క్ సర్వీసు. సపోర్ట్‌కి టికెట్ టూల్. ఇన్‌వాయిస్‌లకి అకౌంట్స్ సాఫ్ట్‌వేర్. ఇంతే అన్నారు. రిపోర్టుల్లో ఇంకొకటి బయటపడింది, వాళ్లందరూ మర్చిపోయిన పాత సర్వర్ ఒకటి ఇంకా బతికే ఉంది, దాంట్లో ఒక క్రాన్ జాబ్ (టైమ్ ప్రకారం దానంతటదే నడిచే పని) క్లాసు రిమైండర్లు పంపుతూనే ఉంది. ఈ రిపోర్టు చూడకుండా నేరుగా పీ=రిజెక్ట్ (రుజువు కాని మెయిల్‌ని తిప్పికొట్టమనే పాలసీ) పెట్టి ఉంటే ఆ రిమైండర్లు ఒక్కసారిగా ఆగిపోయేవి, ఎందుకు ఆగాయో కూడా ఎవరికీ తెలిసేది కాదు. వీటితో సంబంధం లేని ఐపీలు కూడా కనిపించాయి, దొంగ ఇన్‌వాయిస్‌లు వచ్చేది వాటి నుంచే.

ఎస్‌పీఎఫ్ సంగతి త్వరగా చెప్పేస్తా. డొమైన్ మీద రెండు ఎస్‌పీఎఫ్ రికార్డులున్నాయి, ఒకటి హోస్టింగ్ పెట్టినప్పటిది, రెండోది న్యూస్‌లెటర్ సర్వీసు వాళ్లు ఇచ్చింది అలాగే కొత్త రికార్డుగా అతికించినది. ఆర్ఎఫ్‌సీ 7208 ప్రకారం ఒక డొమైన్‌కి ఒకటే ఉండాలి, రెండుంటే పర్మ్‌ఎర్రర్, అంటే రెండూ లేనట్టే లెక్క. సరే అని రెండూ కలిపితే ఇన్‌క్లూడ్‌లు (ఫలానా సర్వీసు ఐపీలని కూడా ఒప్పుకోమనే మాటలు) ఎక్కువై 10 డీఎన్ఎస్ లుకప్‌ల పరిమితి దాటిపోయింది (ఒక ఇన్‌క్లూడ్ లోపల ఇంకో ఇన్‌క్లూడ్ ఉంటే అదీ లెక్కలోకి వస్తుంది), మళ్లీ పర్మ్‌ఎర్రరే. ఇక్కడ చాలామంది ఇన్‌క్లూడ్‌లన్నీ విప్పేసి లోపలున్న ఐపీలు తీసి రాసేస్తారు, ఆ సర్వీసు వాళ్లు రేపు ఐపీలు మార్చుకుంటే మన మెయిల్ ఫెయిల్ అవుతుంది, నాకు ఆ పద్ధతి ఇష్టం లేదు. దానికి బదులు ఏ ఇన్‌క్లూడ్ నిజంగా అవసరమో చూశాను. న్యూస్‌లెటర్ సర్వీసు రిటర్న్-పాత్‌లో పెట్టేది తన సొంత డొమైన్, అంటే అవతలివాళ్లు చూసేది ఆ సర్వీసు ఎస్‌పీఎఫ్‌ని, మన రికార్డులో దాని ఇన్‌క్లూడ్ ఉన్నా ఎవరూ దాన్ని చదవరు. టికెట్ టూల్‌దీ అదే కథ. రెండూ తీసేశాక లుకప్‌లు పరిమితిలోకి వచ్చేశాయి.

ఐటీ ఆయన అప్పుడు ఒక మంచి ప్రశ్న అడిగారు: "న్యూస్‌లెటర్ మెయిల్ హెడర్‌లో ఎస్‌పీఎఫ్ పాస్ అనే ఉంది కదండీ, మరి డీమార్క్ ఫెయిల్ ఎందుకు?" పాస్ అయింది ఆ సర్వీసు డొమైన్, ఫ్రమ్‌లో ఉన్నది వీళ్ల డొమైన్, రెండూ కలవలేదు. అథెంటికేషన్-రిజల్ట్స్ హెడర్‌లో పాస్ అనే మాట చూసి ఆగిపోకూడదు, ఆ పక్కనే ఏ డొమైన్‌కి పాస్ అని రాసుందో చదవాలి. ఇది తెలియకే నెలల తరబడి తల పట్టుకున్నవాళ్లని చాలామందిని చూశాను.

ఇక కీ దగ్గరికి వద్దాం. డీఎన్ఎస్‌లో అప్పటికే డిఫాల్ట్ అనే సెలెక్టర్‌తో (ఏ కీతో సరిచూడాలో చెప్పే పేరు) ఒక డీకిమ్ కీ ఉంది, 1024 బిట్‌ది. దాని ప్రైవేట్ కీ ఎక్కడుందని అడిగితే ఎవరికీ తెలీదు, పాత కాంట్రాక్టర్ ఎవరో పెట్టారట. ప్రైవేట్ కీ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు మన పేరుతో అచ్చమైన సంతకం పెట్టగలరు, కాబట్టి ఎక్కడుందో తెలియని కీని నమ్మడానికి లేదు. కొత్త సెలెక్టర్‌తో కొత్త కీ చేద్దాం, అది నిలబడ్డాక పాతదాన్ని రద్దు చేద్దాం అని నిర్ణయించాం.

సైజు 2048 బిట్. 2018లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 8301 చెప్పేది ఏంటంటే సంతకం పెట్టేవాళ్లు కనీసం 1024 వాడి తీరాలి, 2048 వాడితే మంచిది, ఎస్‌హెచ్‌ఏ-1 అసలు వాడొద్దు. చిన్న కీ ఎంత ప్రమాదమో చెప్పడానికి 2012 నాటి సంగతి ఒకటి చాలు, జాకరీ హారిస్ అనే గణితం మనిషి తనకొచ్చిన ఒక రిక్రూటర్ మెయిల్ హెడర్ చూసి గూగుల్ అప్పట్లో 512 బిట్ డీకిమ్ కీ వాడుతోందని పట్టుకున్నాడు, అద్దె క్లౌడ్ మెషీన్ల మీద దాన్ని విడగొట్టేశాడు, ఆ తర్వాతే గూగుల్ పెద్ద కీకి మారింది. ఎలిప్టిక్ కర్వ్ రకం ఈడీ25519 కూడా 2018లోనే ఆర్ఎఫ్‌సీ 8463తో వచ్చింది, కీ చాలా పొట్టిగా ఉంటుంది, కానీ దాన్ని సరిచూడలేని సర్వర్లు ఇంకా ఉన్నాయి కాబట్టి అదొక్కటే పెట్టుకుంటే కుదరదు, ఆర్ఎస్ఏ ఎలాగూ ఉండాలి. ఈ చిన్న సెటప్‌కి ఆర్ఎస్ఏ ఒక్కటే చాలనుకున్నాం.

సెలెక్టర్ పేరులో సంవత్సరం, అది ఏ సోర్సుదో తెలిసేలా ఒక మాట పెట్టాను. సంతకం పెట్టే సాఫ్ట్‌వేర్ ఓపెన్‌డీకిమ్, దాని ఓపెన్‌డీకిమ్-జెన్‌కీ కమాండ్‌కి సైజు, డొమైన్, సెలెక్టర్ ఇస్తే రెండు ఫైళ్లు వస్తాయి, ప్రైవేట్ కీ ఒకటి, డీఎన్ఎస్‌లో పెట్టాల్సిన టెక్స్ట్ ఒకటి. ప్రైవేట్ ఫైల్‌కి ఓనర్ ఓపెన్‌డీకిమ్ యూజర్, పర్మిషన్ 600. అది ఆ సర్వర్ దాటి ఎక్కడికీ వెళ్లకూడదు, చాట్‌లో పంపడం, మెయిల్‌లో అటాచ్ చేయడం, కోడ్‌తో పాటు గిట్‌లో పెట్టడం, ఏదీ వద్దు.

టెక్స్ట్ ఫైల్ డీఎన్ఎస్ ప్యానెల్‌లో పెట్టేటప్పుడే సగం ప్రమాదాలు జరుగుతాయి. టీఎక్స్‌టీ రికార్డులో ఒక స్ట్రింగ్ 255 బైట్లు దాటకూడదు, 2048 బిట్ పబ్లిక్ కీ ఒక్కటే 392 అక్షరాలు ఉంటుంది, కాబట్టి రెండు మూడు స్ట్రింగులుగా విడగొట్టాలి, చదివేవాళ్లు మధ్యలో ఖాళీ లేకుండా కలిపేసుకుంటారు. కమాండ్ ఇచ్చిన ఫైల్ బ్రాకెట్లు, కొటేషన్లతో జోన్ ఫైల్ పద్ధతిలో ఉంటుంది, దాన్ని ఉన్నదున్నట్టు ప్యానెల్‌లో అతికిస్తే కొన్ని ప్యానెళ్లు బ్రాకెట్లని కూడా విలువలో కలిపేస్తాయి. కొన్ని వాటంతటవే విడగొడతాయి, కొన్ని ఒక్క మాట చెప్పకుండా 255 దగ్గర నరికేస్తాయి, ఇక్కడ మాకు జరిగింది అదే. దీన్ని కంటితోనే పట్టుకోవచ్చు: మామూలుగా తయారయ్యే ఆర్ఎస్ఏ పబ్లిక్ కీ చివర ఏ క్యూ ఏ బీ అనే నాలుగు అక్షరాలతో ముగుస్తుంది, ఎందుకంటే చివర ఉండే ఎక్స్‌పోనెంట్ దాదాపు ఎప్పుడూ 65537 ఒక్కటే. డిగ్ కమాండ్‌తో రికార్డు తెచ్చి చూస్తే చివర ఆ నాలుగూ లేవు, అంటే తోక తెగిందన్నమాట. రెండు ముక్కలుగా కొటేషన్లలో ఇచ్చాక సరిపోయింది.

ఇంకోటి, పేరు గడిలో సెలెక్టర్._డొమైన్‌కీ వరకే రాయాలా, వెనకాల మొత్తం డొమైన్ కూడా రాయాలా అన్నది ప్యానెల్‌ని బట్టి ఉంటుంది, చాలా ప్యానెళ్లు డొమైన్ వాటంతటవే తగిలిస్తాయి, మనం కూడా రాస్తే డొమైన్ రెండుసార్లు వచ్చిన పేరుతో రికార్డు తయారై కూర్చుంటుంది. అలాగే రికార్డు పెట్టకముందే వచ్చిందా వచ్చిందా అని వెతకొద్దు, లేదు అన్న జవాబు కూడా రిజాల్వర్‌లో (మన తరఫున డీఎన్ఎస్‌ని అడిగిపెట్టే సర్వర్) క్యాష్ అవుతుంది, డొమైన్ ఎస్ఓఏ రికార్డులో రాసిన టైమ్‌ని బట్టి అది కాసేపు అలాగే ఉండిపోతుంది, మనం పెట్టాక కూడా లేదనే చెప్తుంది. ఆ డొమైన్ నేమ్‌సర్వర్‌నే నేరుగా అడిగితే ఈ గొడవ ఉండదు.

ఓపెన్‌డీకిమ్-టెస్ట్‌కీ నడిపితే కీ ఓకే అంది. పక్కనే కీ నాట్ సెక్యూర్ అని కూడా చూపిస్తుంది, అది చూసి ఐటీ ఆయన కంగారుపడ్డారు, దానర్థం డీఎన్ఎస్‌సెక్ (డీఎన్ఎస్ జవాబులకి పెట్టే సంతకం) లేదని మాత్రమే, కీలో తప్పేం లేదు. ఓపెన్‌డీకిమ్‌ని పోస్ట్‌ఫిక్స్‌లో మిల్టర్‌గా, అంటే దారిలో మెయిల్ తీసుకుని పని చేసే అదనపు ప్రోగ్రామ్‌గా, 8891 పోర్టు మీద కలిపాం. ఇక్కడ ఎస్ఎంటీపీడీ_మిల్టర్స్ ఒక్కటే రాస్తే చాలదు, వెబ్‌సైట్‌లోని పీహెచ్‌పీ కోడ్ సెండ్‌మెయిల్ కమాండ్ ద్వారా పంపుతుంది, ఆ మెయిల్ ఎస్ఎంటీపీ దారిలో రాదు, దానికి నాన్_ఎస్ఎంటీపీడీ_మిల్టర్స్ కూడా రాయాలి, లేకపోతే చేత్తో పంపిన టెస్ట్ మెయిల్‌కి సంతకం ఉంటుంది, అసలు రసీదుకి ఉండదు. క్యాననికలైజేషన్ (సంతకానికి ముందు మెయిల్‌ని ఒక పద్ధతికి తెచ్చుకోవడం) హెడర్లకీ బాడీకీ రిలాక్స్‌డ్ పెట్టాం, దారిలో ఖాళీలు అటూఇటూ అయినా సంతకం చెడకుండా.

టెస్ట్ మెయిల్ పంపాం, డీకిమ్ పాస్, డీమార్క్ పాస్. చాలా గైడ్‌లు ఇక్కడితో అయిపోతాయి. మర్నాటి రిపోర్టుల్లో అదే సర్వర్, అదే సెలెక్టర్, కొన్ని మెయిల్స్ పాస్, కొన్ని ఫెయిల్.

డీకిమ్ ఫెయిల్ అయితే ముందు ఏ రకం ఫెయిలో చూడాలి. సంతకమే తప్పు అంటే డీఎన్ఎస్‌లో కీకి సర్వర్‌లో కీకి జత కుదరలేదు, లేదా సంతకం పెట్టిన హెడర్లలో ఏదో తర్వాత మారింది. బాడీ హాష్ డిడ్ నాట్ వెరిఫై అంటే కీ జోలికే వెళ్లక్కర్లేదు, సంతకం పెట్టాక మెయిల్ లోపలి మేటర్‌ని ఎవరో ముట్టుకున్నారు. రిపోర్టుల్లో ఇంత వివరం ఉండదు, అందుకే ఫెయిల్ అయ్యే మెయిల్‌ని మా సొంత అకౌంట్‌కి తెప్పించుకుని హెడర్ చూశాం, బాడీ హాషే.

మొదటి దోషి తేలిగ్గానే దొరికింది. సర్వర్‌లో బయటికెళ్లే మెయిల్స్ కింద నోటీసు కలిపే ఒక కంటెంట్ ఫిల్టర్ ఉంది. మెయిల్ లోపలికి రాగానే మిల్టర్ సంతకం పెడుతోంది, తర్వాత ఫిల్టర్ దగ్గరికెళ్లి నోటీసు కలుపుకుని 10025 పోర్టు మీద మళ్లీ పోస్ట్‌ఫిక్స్‌లోకి వస్తోంది. కవరుకి లక్క సీలు వేసేశాక విప్పి ఇంకో కాగితం దూర్చినట్టే కదా. ఆ వెనక్కొచ్చే పోర్టుకి మామూలుగా నో_మిల్టర్స్ అని సెట్టింగ్ ఉంటుంది. దాన్ని తీసి, సంతకం అక్కడే పెట్టేలా మార్చి, మొదటి దగ్గర మిల్టర్ తీసేశాం. సంతకం పెట్టేది మెయిల్ దారిలో అందరికంటే చివర ఉండాలి, దాని తర్వాత ఎవరూ మెయిల్‌ని ముట్టుకోకూడదు.

ఫెయిల్‌లు బాగా తగ్గాయి, పూర్తిగా పోలేదు. ఇది అసలైన చిక్కుముడి. పాస్‌వర్డ్ రీసెట్‌లన్నీ పాస్. రసీదుల్లో చాలావరకు పాస్, కొన్ని ఫెయిల్, అదీ ఒకే కోర్సు కొన్నవాళ్లది పాస్, ఒకేసారి ఐదారు కోర్సులు కొన్నవాళ్లది ఫెయిల్. టెంప్లేట్ ఒకటే, కోడ్ ఒకటే, సర్వర్ ఒకటే. పెద్ద మెయిల్ అయితే ఫెయిల్ అవుతుందా అని పెద్ద అటాచ్‌మెంట్ పెట్టి పంపితే పాస్ అయింది, కాబట్టి సైజు కాదు.

ఒకే రసీదుని రెండు చోట్లకి పంపాం, ఒకటి అదే సర్వర్‌లోని లోకల్ మెయిల్‌బాక్స్‌కి, ఒకటి బయటి అకౌంట్‌కి, రెండింటి ముడి సోర్సు తీసి డిఫ్ (తేడాలు చూపే కమాండ్) పెట్టాం. తేడా ఒక్కచోటే. లోకల్ కాపీలో కోర్సుల టేబుల్ మొత్తం ఒకే పొడుగు లైను, బయటి కాపీలో ఆ లైను మధ్యలో విరిగి ఉంది, విరిగిన చోట కొత్త లైను మొదట్లో ఒక ఖాళీ.

కారణం ఇది. మెయిల్‌లో ఒక లైను 998 అక్షరాలు దాటకూడదని ఆర్ఎఫ్‌సీ 5322 నియమం. టెంప్లేట్ కోడ్ హెచ్‌టీఎంఎల్ మొత్తాన్ని ఎక్కడా లైను మార్చకుండా ఒకే ముక్కగా తయారుచేస్తోంది, ఒక కోర్సు అయితే 998 లోపే సరిపోతోంది, కోర్సులు పెరిగితే దాటిపోతోంది. పోస్ట్‌ఫిక్స్‌లో బయటి సర్వర్‌కి అప్పజెప్పే భాగం, అంటే ఎస్ఎంటీపీ క్లయింట్, అలాంటి లైనుని పరిమితి దగ్గర విరిచి ఖాళీ పెట్టి పంపుతుంది, ఎస్ఎంటీపీ_లైన్_లెంగ్త్_లిమిట్ అనే సెట్టింగ్ అదే. ఈ విరవడం జరిగేది మిల్టర్ సంతకం పెట్టేసిన తర్వాత, అందుకే అక్కడ సంతకం చెడిపోతోంది. రిలాక్స్‌డ్ పెట్టాం కదా అంటారేమో, అది ఖాళీల తేడాని క్షమిస్తుంది గానీ కొత్తగా వచ్చిన లైను బ్రేక్‌ని క్షమించదు. అటాచ్‌మెంట్ ఎందుకు పాస్ అయిందో కూడా ఇప్పుడు అర్థమవుతుంది, అది బేస్64లో వెళ్తుంది, లైనుకి 76 అక్షరాలు దాటదు.

ఆ లిమిట్‌ని 0 చేసేస్తే విరవడం ఆగుతుంది, ఇది తేలికైన మార్గం, నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే అప్పుడు నియమం తప్పిన మెయిల్ బయటికెళ్తుంది, దారిలో ఇంకో సర్వర్ విరిస్తే మళ్లీ మొదటికొస్తాం. సరిచేయాల్సింది మెయిల్ తయారయ్యే చోట. కోడ్‌లో బాడీ ఎన్‌కోడింగ్‌ని కోటెడ్-ప్రింటబుల్ (మేటర్‌ని పొట్టి లైన్లుగా, 7 బిట్ అక్షరాల్లో రాసే పద్ధతి) చేయించాం, డెవలపర్‌కి చిన్న మార్పు అది. దీంతో ఇంకో లాభం కూడా ఉంది, ముఖ్యంగా తెలుగులో మెయిల్స్ పంపేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. తెలుగు టెక్స్ట్ యూటీఎఫ్-8లో 8 బిట్‌గా ఉంటుంది, అవతలి సర్వర్ 8 బిట్ తీసుకోలేనంటే పోస్ట్‌ఫిక్స్ అప్పటికప్పుడు దాన్ని 7 బిట్‌కి మార్చి పంపుతుంది, అప్పుడూ బాడీ మారి సంతకం పోతుంది. సంతకం పెట్టకముందే 7 బిట్‌కి మార్చుకోమని ఆర్ఎఫ్‌సీ 6376 కూడా చెప్తుంది. కోటెడ్-ప్రింటబుల్ గానీ బేస్64 గానీ వాడితే రెండు సమస్యలూ ఒకేసారి తీరతాయి. ఆ మార్పు తర్వాత రసీదుల్లో ఫెయిల్‌లు ఆగిపోయాయి.

మిగతా సోర్సులు తొందరగా తెమిలాయి. ఆఫీస్ మెయిల్ సర్వీసు తన కీ తనే తయారుచేసుకుంటుంది, రికార్డు పెట్టి అడ్మిన్ పేజీలో ఆన్ చేయాలి, రికార్డు పెట్టి ఆన్ చేయడం మర్చిపోయేవాళ్లు చాలామంది. న్యూస్‌లెటర్ సర్వీసు సీనేమ్ రికార్డులు ఇచ్చింది, కీ వాళ్ల దగ్గరే ఉంటుంది, మన సెలెక్టర్ పేరు వాళ్ల వైపు చూపిస్తుంది, కీ మార్చాలనుకున్నప్పుడు వాళ్లే మార్చుకోగలరు, ఈ పద్ధతి నాకు నచ్చుతుంది. బౌన్స్‌లకి (తిరిగొచ్చే మెయిల్స్‌కి) రిటర్న్-పాత్‌లో మన సబ్‌డొమైన్ ఒకటి ఇచ్చాం, దాంతో వాళ్ల మెయిల్‌కి ఎస్‌పీఎఫ్ కూడా అలైన్ అయింది. టికెట్ టూల్ డీకిమ్‌కి ఒప్పుకుంది. పాత సర్వర్‌లోని క్రాన్ జాబ్‌ని కొత్త సర్వర్‌కి మార్చి పాతదాన్ని ఆపేశారు. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ ఒక్కటే కుదరలేదు, మన డొమైన్‌తో సంతకం పెట్టే ఏర్పాటే దాంట్లో లేదు. అలాంటప్పుడు ఫ్రమ్‌లో ఆ సాఫ్ట్‌వేర్ డొమైన్ అడ్రసే ఉంచి, పంపినవాళ్ల పేరుగా సంస్థ పేరు, రిప్లై-టులో సంస్థ అడ్రస్ పెట్టడం నిజాయితీ అయిన దారి. చూడ్డానికి అంత బాగుండదని వాళ్లు కొంచెం నసిగారు, కానీ దొంగ ఇన్‌వాయిస్‌ల బెడద ఉన్న చోట ఇన్‌వాయిస్ మెయిలే రుజువు లేకుండా వెళ్లడం కంటే ఇది మేలు కదా అంటే సరేనన్నారు.

రిపోర్టుల్లో మన సోర్సులన్నీ అలైన్ అయి పాస్ అవుతున్నాయని, నెలాఖరుకో నెల మొదట్లోనో మాత్రమే నడిచే జాబులు కూడా ఒక చుట్టు తిరిగి వచ్చాయని చూసుకున్నాకే పాలసీ మార్చాం. ముందు పీ=క్వారంటైన్ (స్పామ్‌లో వేయమని), పీసీటీ 25తో, అంటే ఫెయిల్ అయినవాటిలో పాతిక శాతానికే వర్తించమని. తర్వాత మొత్తానికి. తర్వాత పీ=రిజెక్ట్. సబ్‌డొమైన్లకి వేరే ఎస్‌పీ ట్యాగ్ రాయలేదు, అది లేకపోతే అసలు పాలసీయే వాటికీ వర్తిస్తుంది. మెయిల్ పంపని వాళ్ల పక్క డొమైన్లు కొన్ని ఉంటే వాటికీ -ఆల్ (ఎవరూ పంపకూడదని) ఒక్కటే ఉన్న ఎస్‌పీఎఫ్, పీ=రిజెక్ట్ డీమార్క్ పెట్టేశాం, ఖాళీగా పడున్న డొమైన్ అంటే దొంగలకి మరీ ఇష్టం.

రిజెక్ట్ పెట్టాక కూడా రిపోర్టుల్లో కొంచెం ఫెయిల్ కనిపిస్తూనే ఉంటుంది, దాన్ని చూసి భయపడి పాలసీ వెనక్కి తీయొద్దు, ఏంటో చూడండి. ఫార్వర్డ్ అయిన మెయిల్‌కి ఐపీ మారుతుంది కాబట్టి ఎస్‌పీఎఫ్ పోతుంది, లోపల మార్చకపోతే డీకిమ్ నిలబడుతుంది, డీమార్క్ పాస్ అవుతుంది, డీకిమ్ మీద ఇంత పట్టుబట్టడానికి ముఖ్య కారణం ఇదే. మెయిలింగ్ లిస్టులు మాత్రం సబ్జెక్టు ముందు లిస్టు పేరు, అడుగున ఫుటర్ కలుపుతాయి, రెండూ పోతాయి. 2014 ఏప్రిల్‌లో యాహూ తన డొమైన్‌కి పీ=రిజెక్ట్ పెట్టినప్పుడు ప్రపంచవ్యాప్తంగా లిస్టులు గందరగోళం అయింది ఇందుకే. దీనికోసమే తర్వాత ఏఆర్‌సీ వచ్చింది, 2019లో ఆర్ఎఫ్‌సీ 8617, మధ్యలో ఉన్న సర్వర్ తాను తీసుకున్నప్పుడు పాస్ అయిందని సంతకం చేసి చెప్తుంది, నమ్మడం నమ్మకపోవడం తీసుకునేవాళ్ల ఇష్టం. మా క్లయింటు విషయంలో ఒకరిద్దరు ఉద్యోగులు మాత్రమే లిస్టుల్లో ఉన్నారు, వాళ్లకి అందుకు వేరే అడ్రస్ వాడుకోమన్నాం.

పాత డిఫాల్ట్ సెలెక్టర్‌ని రికార్డు తీసేయడం కాకుండా పీ= ట్యాగ్ (డీకిమ్ రికార్డులో ఇది పాలసీ కాదు, పబ్లిక్ కీ ఉండే చోటు) ఖాళీ చేసి ఉంచాం, ఖాళీ పీ= అంటే ఈ కీ రద్దయింది అని స్పెసిఫికేషన్‌లోనే ఉంది, చూసేవాళ్లకి స్పష్టంగా తెలుస్తుంది. వచ్చేసారి కీ మార్చేటప్పుడు చేయాల్సిన వరుస ఐటీ ఆయనకి రాసిచ్చాను: కొత్త సెలెక్టర్ పేరుతో కీ చేసి డీఎన్ఎస్‌లో పెట్టు, బయటి రిజాల్వర్లకి కనిపించేదాకా ఆగు, సర్వర్‌లో సంతకాన్ని కొత్తదానికి మార్చు, దారిలోనో క్యూలోనో ఉన్న మెయిల్స్ కోసం పాత పబ్లిక్ కీని ఒక వారం పైనే అలా ఉంచు, తర్వాత దాని పీ= ఖాళీ చేసి పాత ప్రైవేట్ కీని సర్వర్‌లోంచీ బ్యాకప్‌లలోంచీ తీసెయ్. పోస్ట్‌ఫిక్స్‌లో ఏ ఫిల్టర్ కొత్తగా కలిపినా, రసీదు టెంప్లేట్ ఎప్పుడు మార్చినా, చాలా కోర్సులున్న పొడుగు రసీదు ఒకటి బయటి అకౌంట్‌కి పంపి హెడర్ చూడమని దాని కిందే రాశాను.